బంగళో లాఫ్ట్‌లో గది వేయాలా, ఇల్లు వెనక్కి పెంచాలా?

ఇంగ్లండులో బంగళో కొన్నామని ఫోన్లో చెబితే ఊళ్ళో చుట్టాలు పెద్ద మేడ కొన్నామనుకుంటారు. మన బంగ్లా వేరు, ఇక్కడి బంగళో వేరు. ఇక్కడ ఆ మాటకు ఒకే అంతస్తు ఇల్లు అని అర్థం. రెండో మూడో పడకగదులు, ఒక హాలు, వంటిల్లు, పైన వాలుగా పెంకుల కప్పు. ఆ కప్పుకీ సీలింగుకీ మధ్య ఉన్న ఖాళీయే లాఫ్ట్. మన ఇళ్ళలో తలుపు పైన స్లాబు పోసి కట్టే అటక లాంటిది కాదు. ఇల్లు ఎంత ఉంటే అదీ అంత ఉంటుంది. పిల్లలు పెరిగి, ఇంట్లోంచే ఆఫీసు పని మొదలై, ఊరి నుంచి పెద్దవాళ్ళు ఆర్నెల్ల వీసా మీద వచ్చి ఉండేసరికి అందరి కళ్ళూ ఆ ఖాళీ మీదే పడతాయి.

మా కళ్ళూ పడ్డాయి. మాది మిడ్‌ల్యాండ్స్‌లో 1960ల నాటి సెమీ డిటాచ్డ్ బంగళో, అంటే ఒక గోడ పక్కింటితో కలిసి ఉంటుంది. మా చెల్లెలు వాళ్ళది 1930ల నాటి విడి బంగళో. ఇద్దరం ఒకే ఏడాది ఈ ఆలోచన మొదలుపెట్టాం. వాళ్ళు లాఫ్ట్‌లో గదులు వేసుకున్నారు. మేం ఆ ఆలోచన మానుకుని ఇంటిని వెనక తోటలోకి పెంచుకున్నాం. రెండిళ్ళకీ అదే సరైన దారి అని నా గట్టి నమ్మకం. ఒకే అవసరానికి రెండు ఇళ్ళలో రెండు జవాబులు ఎందుకు వచ్చాయో చెబితే మీ ఇంటికి ఏది నప్పుతుందో మీకే తెలుస్తుంది. నేను చెప్పే నిబంధనలన్నీ ఇంగ్లండువి. వేల్స్, స్కాట్లండు వాళ్ళ రూల్స్ వేరు.

ముందు నిచ్చెన వేసుకుని పైకెక్కండి

ఏ కంపెనీకీ ఫోన్ చేయకముందే టార్చి, కొలత టేపు పట్టుకుని మీరే పైకెక్కి చూడండి. పెంకుటింట్లో పెరిగినవాళ్ళకు ఇది కొత్త లోకమేమీ కాదు. రెండు వాలులు కలిసే చోట కొప్పు, అక్కణ్ణుంచి చూరు దాకా దిగే వాసాలు, వాటి మీద పట్టెలు, పెంకులు. సీలింగు దూలాల పైనుంచి కొప్పు అడుగు వరకు టేపు పెట్టి కొలవండి. 2.2 మీటర్ల కంటే తక్కువ ఉంటే ఇక్కడి మేస్త్రీలు సాధారణంగా పెదవి విరుస్తారు. 2.4 దాటితే మాట్లాడుకోవచ్చు.

ఎందుకంటే ఆ కొలతంతా మీకు దక్కదు. సీలింగు దూలాలు సీలింగు బోర్డును మోయడానికి వేసినవే, మనుషుల్నీ మంచాల్నీ మోయడానికి కాదు. వాటి పక్కన కొత్తగా లోతైన దూలాలు వేసి, పైన పలక పరచాలి. వాసాల కింద చలి ఆపే ఇన్సులేషన్, దాని కింద ప్లాస్టర్‌బోర్డు రావాలి. పైనా కిందా కలిపి 25 నుంచి 30 సెంటీమీటర్లు పోతాయి. 2.3 ఉన్న చోట చివరికి 2 మీటర్లు మిగులుతుంది, అదీ సరిగ్గా కొప్పు కింద మాత్రమే.

ఇంటి వయసును బట్టి ఈ కొలత ముందే కొంత ఊహించవచ్చు. ముందు గోడ నుంచి వెనక గోడకు 8 మీటర్లు ఉన్న ఇల్లు తీసుకుందాం. కప్పు వాలు 40 డిగ్రీలైతే కొప్పు దగ్గర ఎత్తు దాదాపు 3.35 మీటర్లు. 30 డిగ్రీలైతే 2.3. అదే 22.5 డిగ్రీలైతే 1.65 మాత్రమే, అక్కడ వంగుని నడవాల్సిందే. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కట్టిన బంగళోల కప్పులు చాలావరకు నిటారుగా ఉంటాయి. 60లు, 70లలో కట్టినవాటికి వాలు తక్కువ. మా చెల్లెలి ఇంట్లో 3.3 మీటర్లు వచ్చింది. మా ఇంట్లో 2.28.

ఇంకో తేడా వాసాల అమరికలో ఉంటుంది. మా చెల్లెలి లాఫ్ట్‌లో నిలబడితే నడుమంతా ఖాళీ. మా లాఫ్ట్‌లో ఇంగ్లీషు డబ్ల్యూ అక్షరంలా సన్నని కర్రలు వరసగా అడ్డం వస్తాయి. వాటిని ట్రస్‌లంటారు. 1960ల నుంచి ఫ్యాక్టరీలో తయారుచేసి తెచ్చి బిగించడం మామూలైంది. ఆ అడ్డ కర్రలు దారికి అడ్డమని కోస్తే కప్పు బరువు గోడల్ని బయటికి తోస్తుంది. ట్రస్ ఉన్నంత మాత్రాన గది వేయలేమని కాదు. ముందు ఉక్కు దూలాలు పెట్టి, కొత్త దూలాలూ వాసాలూ బిగించి, ఆ తర్వాతే పాతవి కోస్తారు. పని పెరుగుతుంది, ఖర్చూ పెరుగుతుంది. స్ట్రక్చరల్ ఇంజనీరు లెక్కలు లేకుండా ఒక్క కర్ర కూడా తీయనివ్వకండి.

మొదట వచ్చిన ఒక కంపెనీ మనిషి మా లాఫ్ట్ తలుపు తెరిచి కూడా చూడలేదు. హాల్లో నిలబడి, బయట నుంచి కప్పు చూసి, "బ్రహ్మాండంగా రెండు బెడ్‌రూములు వస్తాయి" అన్నారు. మావారు సంబరపడ్డారు, నేనూ పడ్డాను. వారం తర్వాత ఇంజనీరు పైకెక్కి కొలిచి, గది వేసినా నడి మధ్యలో తప్ప నిలబడలేరని చెప్పారు. పైకెక్కకుండా ధర చెప్పేవాళ్ళ కొటేషన్ తీసుకోకండి.

బంగళోకి ప్రత్యేకంగా ఉన్న చిక్కు ఇంకొకటి ఉంది. మామూలు రెండంతస్తుల ఇంటి పునాది మొదటినుంచీ రెండంతస్తుల బరువు మోస్తుంటుంది. బంగళో పునాది ఒక్క అంతస్తుకే వేసింది. లోపలి గోడలు కొన్ని ఉత్త పార్టిషన్లే కావచ్చు. అందుకే ఇంజనీరు ఒక మూల గొయ్యి తవ్వి పునాది లోతు చూస్తామంటే వద్దనకండి. ఆ ఒక్క గొయ్యి తర్వాత వచ్చే పెద్ద టెన్షన్ తప్పిస్తుంది.

మెట్లు ఎక్కడ దిగుతాయి?

చాలామంది లాఫ్ట్ గురించి ఆలోచిస్తూ పైన ఎన్ని గదులు వస్తాయో లెక్కేస్తారు. నా మాట వినండి, కింద ఎంత పోతుందో ముందు లెక్కేయండి. బంగళోలో మెట్లు లేవు కదా. కొత్తగా పెట్టాలి. రెండంతస్తుల ఇంట్లో అయితే ఉన్న మెట్ల మీదే ఇంకో వరస మెట్లు వేస్తారు. బంగళోలో ఆ వీలు లేదు.

ఇక్కడి నిబంధనల ప్రకారం ఇంటి మెట్ల వాలు 42 డిగ్రీలు దాటకూడదు. ఒక్కో మెట్టు ఎత్తు 22 సెంటీమీటర్లకు మించకూడదు, అడుగు పెట్టే వెడల్పు 22కి తగ్గకూడదు. కింది నేల నుంచి పై నేలకు 2.6 మీటర్లు ఎక్కాలనుకుందాం. 20 సెంటీమీటర్ల చొప్పున 13 ఎత్తులు, మధ్యలో 12 మెట్లు. ఒక్కోటి 22.5 వెడల్పైతే మెట్ల పొడుగే 2.7 మీటర్లు. పైనా కిందా నిలబడే చోటు కలుపుకుంటే నాలుగు మీటర్ల పైమాటే. చిన్న పడకగదిలో సగానికి పైగా పోతుంది.

అంతటితో అయిపోలేదు. మెట్లు పైకి చేరే చోట తలకు రెండు మీటర్ల ఎత్తు ఉండాలి. లాఫ్ట్‌లకు కాస్త సడలింపు ఉంది. మెట్ల నడుమ 1.9, వాలు ఉన్న అంచున 1.8 ఉన్నా ఒప్పుకుంటారు. అంత ఎత్తు ఎక్కడ దొరుకుతుంది? కొప్పు కిందే. కొప్పు ఎక్కడుంటుంది? ఇంటి నడి మధ్యలో. అంటే మెట్లు ఇంటి మధ్య నుంచే లేవాలి. ఏ మూలో, వంటింటి పక్కనో పెట్టేద్దామంటే పైన తల కప్పుకి కొట్టుకుంటుంది.

మా చెల్లెలి ఇంట్లో మధ్యలో వెడల్పాటి హాలు ఉంది. దాన్నానుకుని మెట్లు లేచాయి, ఒక్క గదీ పోలేదు. మా ఇంట్లో మధ్యలో ఉన్నది మూడో పడకగది. మా అత్తయ్యగారు వచ్చినప్పుడు పడుకునే గది అదే. ఆ గది పోగొట్టుకుని, పైన తల వంచుకుని తిరిగే గది సంపాదించి, అందులోకి మోకాళ్ళ నొప్పులున్న మనిషిని ఎక్కించాలి. లేదంటే పిల్లల గది పైకి మార్చి, వాళ్ళ గది ఆవిడకివ్వాలి. ఎలా తిప్పినా గదుల లెక్క పెద్దగా పెరగలేదు. ఆ రాత్రి మావారూ నేనూ గ్రాఫు కాగితం మీద గీసుకుని చూశాక లాఫ్ట్ మాట వదిలేశాం.

స్థలం మిగులుతుందని కొందరు అడ్డ మెట్లు చూపిస్తారు. ఎడమ కాలికొకటి, కుడి కాలికొకటి కోసి పెట్టిన మెట్లు. మామూలు మెట్లకు చోటు లేనప్పుడు, పైన ఒక్క గది, దానితో ఒక బాత్రూమ్ మాత్రమే ఉంటే వాటికి అనుమతి ఉంది. అనుమతి ఉన్నా నేను మాత్రం వద్దంటాను. రాత్రి నిద్రమత్తులో పసిపిల్లని ఎత్తుకుని దిగే మనిషిని ఊహించుకోండి.

బంగళోకి కలిసొచ్చే విషయం

నిప్పు భయం విషయంలో బంగళో అదృష్టం మంచిది. రెండంతస్తుల ఇంటి లాఫ్ట్‌లో గది వేస్తే ఆ నేల భూమికి 4.5 మీటర్ల పైన ఉంటుంది. కిటికీలోంచి దూకి తప్పించుకోలేరు. కాబట్టి మెట్లున్న దారి పొడుగునా అగ్నిని ఆపే గోడలు, తలుపులు పెట్టమంటారు. ఉన్న తలుపులన్నీ మార్చాల్సి వస్తుంది. బంగళోలో లాఫ్ట్ నేల మూడు మీటర్ల లోపే ఉంటుంది గనుక పై గదుల్లో తప్పించుకునే కిటికీలు పెడితే సరిపోతుంది. ఆ కిటికీ తెరుచుకునే చోటు 0.33 చదరపు మీటరు ఉండాలి, ఎత్తూ వెడల్పూ 45 సెంటీమీటర్లకు తగ్గకూడదు, అడుగు అంచు నేల నుంచి 1.1 మీటర్లు మించకూడదు. కొత్త నేల అరగంట సేపు మంటకు తట్టుకోవాలి. రెండంతస్తుల్లోనూ కరెంటు లైనుకు కలిపిన స్మోక్ అలారంలు, ఒకటి మోగితే అన్నీ మోగేట్టు ఉండాలి. ఇవన్నీ తప్పనిసరి. అయినా రెండంతస్తుల ఇంటివాళ్ళు పడే తిప్పలతో పోలిస్తే తేలిక.

అనుమతి కావాలా?

చాలా లాఫ్ట్‌లకు కౌన్సిల్ నుంచి ప్లానింగ్ అనుమతి అక్కర్లేదు, హద్దులు దాటకపోతే. విడి ఇంటికీ సెమీ ఇంటికీ కప్పులో పెంచే ఘనపరిమాణం 50 ఘనపు మీటర్లు, వరస ఇంటికి 40. రోడ్డు వైపు వాలు మీద డార్మర్, అంటే వాలులోంచి పెట్టెలా బయటికి పొడుచుకొచ్చే గది భాగం, కట్టకూడదు. కొప్పు ఎత్తు దాటకూడదు. బాల్కనీ పెట్టకూడదు. పక్కింటి వైపు కిటికీ ఉంటే మసక అద్దం వేయాలి, నేల నుంచి 1.7 మీటర్ల లోపు తెరుచుకోకూడదు. కన్సర్వేషన్ ఏరియాలో, అంటే పాత రూపం చెడకుండా కాపాడే ప్రాంతంలో, ఉన్న ఇంటికి ఈ వెసులుబాటు ఉండదు. మీకంటే ముందున్న యజమాని కప్పు పెంచి ఉంటే అదీ ఆ 50లో కలిసిపోతుంది.

డార్మర్‌తో నిలబడే చోటు వెడల్పవుతుంది. ఎత్తు మాత్రం పెరగదు, ఎందుకంటే దాని కప్పు కొప్పు దాటకూడదు. ఈ చిన్న విషయం మాకు ఆలస్యంగా అర్థమైంది. 2 మీటర్ల దగ్గర ఆగిపోయిన ఇంట్లో ఎంత పెద్ద డార్మర్ కట్టినా అది 2 మీటర్ల గదే.

మా చెల్లెలి ఇంటి కప్పు నాలుగు వైపులా వాలుతుంది. వాళ్ళు ఒక పక్క వాలు తీసేసి, అక్కడి గోడను కొప్పు దాకా లేపారు. దానికి సుమారు 18 ఘనపు మీటర్లు ఖర్చయ్యాయి. వెనక 6 మీటర్ల వెడల్పు, మూడున్నర లోతు, 2.2 ఎత్తుతో డార్మర్ కట్టారు. అది త్రికోణంలా ఉంటుంది కాబట్టి సగమే లెక్క, 23. మొత్తం 41. రెండో పక్క గోడ కూడా లేపితే 59 అయ్యేది, అప్పుడు పూర్తి ప్లానింగ్ దరఖాస్తు పెట్టాల్సి వచ్చేది. మా మరిది కాగితం మీద ఈ లెక్క వేసి చూపించాక ఆర్కిటెక్టు కూడా అదే చెప్పారట. ఇలాంటి లెక్క ఇంట్లోనే వేసుకోవచ్చు, కష్టమేమీ కాదు. అనుమతి అక్కర్లేదని తేలినా కౌన్సిల్ నుంచి లాఫుల్ డెవలప్‌మెంట్ సర్టిఫికెట్ తీసుకోండి. ఇల్లు అమ్మే రోజున పనికొస్తుంది.

ఉక్కు దూలం పక్కింటితో కలిసిన గోడలో కూర్చుంటే 1996 నాటి పార్టీ వాల్ చట్టం వర్తిస్తుంది. పని మొదలుపెట్టడానికి రెండు నెలల ముందు పక్కింటివాళ్ళకు నోటీసు ఇవ్వాలి. నోటీసు పోస్టులో పంపేకన్నా ముందు ఒక సాయంత్రం వెళ్ళి కూర్చుని, టీ తాగుతూ చెప్పండి. 14 రోజుల్లో వాళ్ళు రాసి ఒప్పుకోకపోతే సర్వేయర్ల ఖర్చు మీ మీద పడుతుంది. ఇంకోటి, లాఫ్ట్‌లో గబ్బిలాలు ఉంటే వాటిని కదిలించడం ఇక్కడ నేరం. ముందు నిపుణులతో చూపించాలి.

వెనక్కి పెంచితే?

మేం ఎంచుకున్న దారి ఇది. సెమీ ఇంటికి వెనక 3 మీటర్లు, విడి ఇంటికి 4 మీటర్లు ఒక అంతస్తు గది అనుమతి లేకుండా వేసుకోవచ్చు. పక్కింటివాళ్ళను కౌన్సిల్ అడిగి తెలుసుకునే పద్ధతిలో వెళ్తే సెమీకి 6, విడి ఇంటికి 8 దాకా పోవచ్చు. కౌన్సిల్ 42 రోజుల్లో జవాబు చెప్పాలి. మేం ఆ పద్ధతిలో 4 మీటర్లు పెంచాం. వంటిల్లు వెనక్కి జరిగింది, పాత వంటింటి చోట అత్తయ్యగారికి గది, దానికి తగిలి వాకర్‌తో కూడా వెళ్ళగలిగే బాత్రూమ్ వచ్చాయి. ఒక్క మెట్టు కూడా లేదు. ఆవిడ ఉదయం లేచి తలుపు తీసుకుని నేరుగా తోటలోకి వెళ్ళి తులసికి నీళ్ళు పోస్తారు. ఎండాకాలంలో బయట, చలికాలంలో కిటికీ దగ్గర, అదే తులసి.

కష్టాలు ఇక్కడా ఉన్నాయి. తోట తగ్గిపోతుంది. మధ్యలో మిగిలిన గదికి వెలుతురు పోతుంది, దానికి కప్పులోంచి అద్దం కిటికీ పెట్టాల్సి వచ్చింది. పబ్లిక్ మురుగు పైపు 3 మీటర్ల లోపు ఉంటే నీళ్ళ కంపెనీ ఒప్పందం కావాలి. పునాది తవ్వినప్పుడు ఏం బయటపడుతుందో ముందు తెలియదు. పని జరిగినన్నాళ్ళూ వంటిల్లు లేదు. లాఫ్ట్ పని అలా కాదు. బయట పరంజా కట్టి పైనుంచే మొదలుపెడతారు, చివర్లో మెట్లు పెట్టేదాకా కింద బతుకు దాదాపు మామూలుగానే సాగుతుంది. ఈ విషయంలో మా చెల్లెలు నాకన్నా సుఖపడింది.

మిగతా దారులు క్లుప్తంగా చెప్తాను. గ్యారేజీ ఉంటే దాన్ని గదిగా మార్చడం అన్నిటికన్నా చవక, ఒక్క ఆఫీసు గది చాలనుకునేవాళ్ళు ముందు అటు చూడండి. కప్పు మొత్తం తీసేసి ఇంకో అంతస్తు వేయడానికి 2020 ఆగస్టు 31 నుంచి ఒక సులభ పద్ధతి ఉంది. 1948 జులై 1 నుంచి 2018 అక్టోబరు 28 లోపు కట్టిన బంగళోలకు, ఎత్తు 3.5 మీటర్లకు మించి పెరగకుండా ఒక అంతస్తు. కౌన్సిల్ పరిశీలన మాత్రం ఉంటుంది. కానీ పని అయ్యేదాకా అద్దె ఇంట్లో ఉండాలి. పునాది ప్రశ్న ఇక్కడ ఇంకా గట్టిగా ఎదురవుతుంది. ఇల్లు మారిపోదామంటే స్టాంప్ డ్యూటీ గుర్తుపెట్టుకోండి. 2025 ఏప్రిల్ నుంచి ఉన్న రేట్ల ప్రకారం 4 లక్షల పౌండ్ల ఇంటికి, మీకున్న ఒకే ఇల్లు అమ్మి కొనుక్కుంటే, 10,000 పౌండ్లు పన్నుకే పోతుంది. లాయరు, ఏజెంటు, లారీ ఖర్చు వేరే. సామాన్లు పెట్టుకోవడానికి చోటు చాలు అనుకుంటే పలకలు పరిచి, మడత నిచ్చెన పెట్టించుకోండి. సీలింగు మీద 27 సెంటీమీటర్ల ఇన్సులేషన్ ఉంటుంది కదా, దాన్ని నొక్కేయకుండా కాళ్ళ మీద ఎత్తుగా పలకలు వేయించాలి. నొక్కుకుపోయిన ఉన్ని చలిని అంతగా ఆపదు. ఆ చోట మంచం వేసి ఎవర్నీ పడుకోబెట్టకండి.

డబ్బు సంగతి

మా చెల్లెలు వాళ్ళకు మూడు కొటేషన్లు వచ్చాయి, 62,000 పౌండ్ల నుంచి 81,000 దాకా. అన్నిటికన్నా తక్కువ ఉన్నదానిలో వ్యాట్ కలపలేదు. 20 శాతం కలిపితే అది నడిమి కొటేషన్‌ని దాటిపోయింది. రెండో దాంట్లో ప్లాస్టరింగ్ తర్వాత రంగులు, కార్పెట్లు లేవు. కొటేషన్లు పోల్చేటప్పుడు కింది అంకె చూడకండి, ఏం కలపలేదో వెతకండి. నీళ్ళ ట్యాంకు సంగతి ముఖ్యంగా అడగండి. పాత ఇళ్ళలో చల్లనీళ్ళ ట్యాంకు లాఫ్ట్‌లోనే ఉంటుంది. అది తీసేసి, ట్యాంకు లేకుండా అప్పటికప్పుడు నీళ్ళు వేడిచేసే కాంబీ బాయిలర్ పెట్టడం వేరే ఖర్చు. 2000కి ముందు కట్టిన ఇల్లైతే ఆ పాత ట్యాంకులో, చూరు బోర్డుల్లో, సీలింగు పూతలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. ఇక్కడ దాన్ని పూర్తిగా నిషేధించింది 1999లో. కోసే ముందు పరీక్ష చేయించండి, పిల్లలున్న ఇంట్లో ఇది తప్పదు. మీరు కొన్న ఇల్లు రెండేళ్ళకు పైగా ఎవరూ లేకుండా ఖాళీగా ఉండి ఉంటే వ్యాట్ 5 శాతానికి తగ్గే వీలుంది, చాలామందికి ఈ మాట తెలియదు.

మా వెనక గది కొటేషన్ 58,000. పై లెక్కతో పోలిస్తే పెద్ద తేడా లేదు. కానీ ఆ డబ్బుతో చెల్లెలికి రెండు పడకగదులు, ఒక షవర్ వచ్చాయి. మాకు వచ్చింది ఇరవై చదరపు మీటర్లు. చోటు కొలిచి డబ్బు లెక్కేస్తే ఎత్తైన కప్పున్న బంగళోలో లాఫ్ట్‌దే పైచేయి, సందేహం లేదు.

తిరిగి అమ్మే ధర మాట వచ్చినప్పుడు ఒక సంగతి ఆలోచించాలి. ఇక్కడ బంగళోలను వెతుక్కుంటూ వచ్చేది ఎక్కువగా పెద్ద వయసువాళ్ళు. మెట్లు ఎక్కలేకే వాళ్ళు బంగళో కోరుకుంటారు. కింద పడకగది, బాత్రూమ్ రెండూ ఉంచి పైన గదులు వేస్తే ఆ కొనేవాళ్ళూ ఉంటారు, పిల్లలున్న కుటుంబాలూ వస్తాయి. కింది పడకగదులన్నీ హాలుగా కలిపేసి పడకలన్నీ పైకి మార్చారంటే మీ బంగళో ఒక చిన్న రెండంతస్తుల ఇల్లుగా మిగిలిపోతుంది. అమ్మే ఆలోచన లేకపోయినా ఇదే మాట చెప్తాను. ఒక రోజు మన మోకాళ్ళూ నొప్పి పెడతాయి.

పైన ఉండి చూశాక

మా చెల్లెలి పై గదులు పూర్తయిన తర్వాత వచ్చిన మొదటి ఎండాకాలం 2022. ఆ జులై 19న లింకన్‌షైర్‌లోని కోనింగ్స్‌బీలో 40.3 డిగ్రీలు నమోదైంది. పెంకుల కింద గది ఎలా ఉంటుందో మనవాళ్ళకు చెప్పక్కర్లేదు. పిల్లలు పరుపులు కిందికి తెచ్చుకుని హాల్లో పడుకున్నారు. దక్షిణం వైపు వాలు కిటికీలకు బయటి వైపు తెర పెట్టించాక కాస్త నయమైంది. అద్దానికి లోపల కర్టెన్ వేస్తే వేడి అప్పటికే లోపలికి వచ్చేసి ఉంటుంది, బయటే ఆపాలి. ఎదురెదురు వాలుల్లో ఒక్కో కిటికీ తెరుచుకునేలా ఉంటే గాలి ఆడుతుంది. ప్లాను గీసేటప్పుడే ఇది అడగండి, తర్వాత పెంకులు తీసి పెట్టించడం ఖరీదు.

చప్పుడు రెండో సమస్య. బంగళోలో అప్పటిదాకా పైన ఎవరూ నడవలేదు. దూలాల మధ్య 10 సెంటీమీటర్ల బరువైన ఉన్ని నింపితే మాటలు వినబడవు కానీ పిల్లలు దూకితే కింద తెలుస్తుంది. అందుకే వాళ్ళు మా అమ్మ పడుకునే గది మీద బాత్రూమ్ రాకుండా, చదువుకునే గది వచ్చేలా మార్చుకున్నారు. పై బాత్రూమ్ సరిగ్గా కింది బాత్రూమ్ మీదే పెట్టారు. మురుగు పైపు తిన్నగా దిగిపోయింది. వేరే మూల పెడితే మోటారుతో తోసే టాయిలెట్ పెట్టాలి, అర్ధరాత్రి దాని మోత ఇల్లంతా వినిపిస్తుంది.

మీ లాఫ్ట్‌లో 2.4 మీటర్ల పైన ఎత్తు ఉండి, ఇంటి మధ్యలో మెట్లకు చోటు గది పోకుండా దొరికి, కింద ఒక పడకగది, బాత్రూమ్ మిగిలితే ధైర్యంగా పైకి వెళ్ళండి. ఆ మూడింట్లో మెట్ల చోటు కుదరకపోతే మిగతా రెండూ ఎంత బావున్నా నేను వెనక్కే పెంచుకోమంటాను. ఎత్తు ఒక్కటే తక్కువైతే కింది సీలింగు దించుకోవచ్చని చెప్పేవాళ్ళుంటారు. ఇక్కడి బంగళోల్లో సీలింగు మామూలుగా 2.4 మీటర్ల దగ్గరే ఉంటుంది, దాన్ని దించితే పైనా కిందా రెండు చోట్లా ఇరుకు.

ఏ దారి ఎంచుకున్నా పని మొదలయ్యే ముందే బిల్డింగ్ కంట్రోల్‌కు, అంటే కట్టడం నిబంధనల ప్రకారం ఉందో లేదో చూసేవాళ్ళకు, ప్లాన్లు పంపండి. ఇది ప్లానింగ్ అనుమతికి వేరు, ప్లానింగ్ అక్కర్లేని ఇంటికి కూడా ఇది కావాలి. దూలాలు బిగించాక, ఇన్సులేషన్ పెట్టాక, బోర్డులతో మూసేయక ముందు వాళ్ళ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూడాలి. మీరు కూడా ఆ రోజు ఇంట్లో ఉండి, మూసేసే ముందు ప్రతి గోడా ఫోన్లో ఫోటో తీసుకోండి. ఇంటి బీమా కంపెనీకి, లోన్ ఇచ్చిన బ్యాంకుకి ముందే చెప్పండి. చివర్లో బిల్డింగ్ కంట్రోల్ ఇచ్చే కంప్లీషన్ సర్టిఫికెట్ చేతికి వచ్చేదాకా మేస్త్రీకి ఆఖరి వాయిదా ఇవ్వకండి. ఆ కాగితం లేకపోతే అమ్మే రోజున ఆ గదిని పడకగది అని రాయనివ్వరు, సామాన్లు పెట్టుకునే లాఫ్ట్ అనే రాస్తారు. మా చెల్లెలు ఆ సర్టిఫికెట్‌ని ఇంటి పత్రాలతో కలిపి ఒకే కవరులో పెట్టి, ఆ కవరు ఎక్కడుందో అమ్మకి కూడా చూపించింది.